ఇండ్ల వీథులపై అంగళ్ల దండయాత్ర

ఊరు పెరుగుచున్నది, గజము నేల వెల ఆకసము నంటుచున్నది, ఇంక పాతకాపులైన మీకు విచారమేల అని నిజామాబాదున మమ్మడుగువారు అనేకులు. ఇల్లమ్ముకొని పోదలచిన వానికి ఆ వెల లాభమే. ఆ యింటనే పుట్టి, ఆ యింటనే కన్నుమూయదలచిన వానికి దానివలన ఒరుగునదేమి? పన్ను హెచ్చుటయు నిద్ర తగ్గుటయు తప్ప మఱియొక ఫలము మాకు గోచరింపలేదు.

మేము వర్తకమునకు శత్రువులము గాము. ఇందూరు అను పాతపేరు గల ఈ పట్టణమునకు పసుపు బేరము వలననే పేరు వచ్చినది. 1931లో నిజాంసాగరు పూర్తియై మంజీర నీరు పొలములకు పారెను. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసెను. శక్కర్‌నగరున పనివారికి ఇండ్లు కట్టించినవారికి, యంత్రములు చెఱకు పిండు చోటు వేఱు, బిడ్డలు నిదురించు చోటు వేఱు అను ఎఱుక యుండెను. ఆ కర్మాగారము 2002లో ప్రైవేటు భాగస్వాముల చేతికి పోయి, 2015 డిసెంబరులో మూతపడెను. ఉపాధి పోయిన కుటుంబములు బోధను విడిచి జిల్లా కేంద్రమునకు త్రోవ పట్టుట సహజమే. వారి రాకను మేము తప్పు పట్టము. వచ్చినవారి అవసరములకు పట్టణమున చోటెక్కడ చూపుచున్నామన్నదే మా ప్రశ్న.

ఖలీల్‌వాడిని చూడుడు. ప్రభుత్వ పెద్దాసుపత్రి అచ్చటనే యున్నది. 2013లో వైద్య కళాశాలయు దానికి తోడైనది. వాని చుట్టును ప్రైవేటు దవాఖానాలును మందుల దుకాణములును ఇండ్ల నడుమ కిక్కిరిసినవి. ఇట్టి మార్పు ఏ వీథికిని ఒక్కనాడు రాదు. మొదట గేటునకు ఒక బోర్డు వ్రేలాడును. మఱుసటి యేడు ప్రహరీగోడ పడిపోవును. ముందరి వసారాకు ఇనుప షట్టరు వచ్చును. అటుపిమ్మట అంతస్తులు లేచును. ప్రక్కయింటి వంటగదికి వెలుతురు పోయి జనరేటరు పొగ వచ్చును. ఆ యింటివారు విసిగి అమ్ముకొందురు. కొన్నవాడును మడిగెలే కట్టును.

దీని బరువు మోయువారు పగలెల్ల ఇంటనుండు స్త్రీలు, వృద్ధులు, పసివారు. వేకువనే కల్లాపి చల్లి ముగ్గు పెట్టిన చోట, ప్రొద్దెక్కునప్పటికి మోటారు సైకిళ్లు నిలుచును. సాయంకాలము నాలుగు మాటలాడుకొనుటకు అరుగే లేదు. స్త్రీ స్వాతంత్ర్యమును గూర్చి సభలలో ఉపన్యసించు పెద్దలు, తమ వీథిలో ఒక ఆడుబిడ్డ సైకిలు నేర్చుకొనుటకు చోటున్నదో లేదో ఒక్కమారైన చూడవలదా? పెండ్లికి పందిరి వేయ వీలు లేదు. తుదకు ఇంటి పెద్ద మరణించినను, శవమును వాకిట దింపుటకు ఎవని కారో తొలగింపుమని బతిమాలవలసి వచ్చుచున్నది.

పింఛను చాలని గృహస్థు ముందరి గది కిరాయికిచ్చిన తప్పేమి అని కొందఱందురు. కుట్టుమిషను పెట్టుకొన్న ఒంటరి స్త్రీకి గాని, పిల్లలకు పాఠములు చెప్పుకొను ఉపాధ్యాయునకు గాని మేము అడ్డుపడము. వారిది ఇంటిలో ఒదిగిన వృత్తి. ముప్పది మంచముల దవాఖానాను ఇరుకు వీథిలో నిలిపి, వచ్చువారి బండ్లకు పొరుగువారి వాకిండ్లు చూపుట వేఱు. రోగికిని అది మేలు గాదు: అంబులెన్సు వీథి మొదటనే చిక్కుపడిన, లోపల ఎంత గొప్ప వైద్యుడున్న నేమి?

ఇక సర్కారు వారి తీరు. అనుమతి మీఱి కట్టిన కట్టడములను రుసుము గొని క్రమబద్ధీకరించు పథకము ఉమ్మడి రాష్ట్రమున 2007లో వచ్చెను. 2015లో తెలంగాణ ప్రభుత్వమును అట్టిదే మఱియొకటి ప్రకటించెను. నియమము పాటించి జాగా విడిచినవాడు వెఱ్ఱివాడు, మీఱినవాడు జాణ యని ప్రభుత్వమే బోధింపగా, ఇంక పౌరధర్మమును పాఠశాలలలో నేర్పుట ఎందులకు? రుసుము ఖజానాకు చేరును. గాలియు వెలుతురును పోయిన పొరుగింటివానికి దమ్మిడీయైన దక్కదు. తనది కాని సొత్తును ప్రభుత్వము అమ్ముచున్నదని మేమనిన, అది కటువైన మాట గావచ్చును, అసత్యము మాత్రము గాదు.

న్యాయస్థానము లీ విషయమున మౌనము వహింపలేదు. నోయిడా నివాస ప్రాంతములలోని బ్యాంకులను, నర్సింగు హోములను తొలగింపవలసినదని సుప్రీంకోర్టు 2011లో ఆజ్ఞాపించెను. మీరటు నగరమున నివాసమునకిచ్చిన స్థలములో లేచిన దుకాణములను గూర్చి 2024 డిసెంబరున తీర్పు చెప్పుచు, అధికారుల జాప్యము గాని, కట్టినవాడు పెట్టిన ధనము గాని అక్రమమును సక్రమము చేయజాలవనెను.

తీర్పు ఢిల్లీలో పుట్టిన, వీథి ఇందూరులో నున్నది. కావున 2005లో నగరపాలక సంస్థగా మారిన మా పురపాలక సంఘమును మేము కోరునది స్వల్పము. పెద్ద దవాఖానాలకును వాణిజ్య భవనములకును వెడల్పైన రోడ్ల ప్రక్కనే అనుమతి ఈయవలెను. వాహనములకు తమ ఆవరణలోనే చోటు చూపనివారికి అదియు ఈయరాదు. ఇండ్ల వీథిలో ఎవరు బోర్డు కట్టదలచినను, ముందుగా తెలుగునను ఉర్దూనను ప్రకటన అంటించి, పొరుగువారిని, విశేషించి గృహిణులను, పిలిచి వారి ఆక్షేపణ వినవలెను. ఆ విచారణ కచేరీ గదిలో గాక, సాయంకాలము ఆ వీథిలోనే జరుపవలెను. కుర్చీలు వేయుటకు బండ్లను తొలగించి చోటు చూపు భారము అనుమతి కోరువారిదే.