పావురం నెత్తురు, కోడలి నడుము

కొల్లేటి లంకల్లో ఓ ఇల్లు. వరండాలో నవారు మంచం, దాని మీద పక్షవాతంతో పడిపోయిన అత్తగారు. కోడలు ఆవిడ నడుం కింద చేతులు జొనిపి పక్కకి తిప్పింది. రెండు గంటలకోసారి తిప్పకపోతే ఒళ్ళు పుళ్ళు పడుతుంది. తిప్పేశాక తన నడుం పట్టుకుని గోడకి చేరగిలబడింది. "రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేస్తావమ్మా?" అనడిగాను. "లెక్కెట్టలేదు బాబాయ్ గారండీ" అంది.

అరుగు మీదున్న పెద్దాయన అందుకున్నాడు: "ఋణానుబంధమండీ. పోయిన జన్మలో ఈ పిల్ల ఆవిడకి బాకీ. తీర్చుకుంటోంది."

ఆవిడ కన్నది ఇద్దరు కొడుకుల్ని. ఆ బాకీ వాళ్ళకెందుకు లేదో అడిగితే నవ్వేశాడు. పూర్వజన్మ అప్పుల్లో కూడా మగవాళ్ళు హామీ సంతకం పెట్టినట్టు లేదు!

అసలు బాకీ ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. ఆవిడకి మూతి వంకరపోయింది పొద్దున ఆరింటికి. ఏలూరుకి బయల్దేరింది మధ్యాహ్నం దాటాక. ఈలోగా జరిగింది పావురం వేట. పావురాన్ని కోసి, వేడి నెత్తురుతో పడిపోయిన చేతికీ కాలికీ మర్దనా చేశారు. వాతం చల్లదనం, నెత్తురు వేడి, కాబట్టి విరుగుడన్నమాట. కానీ చెడింది చెయ్యి కాదు, మెదడు. అక్కడ రక్తనాళం పూడుకుపోతే, ఆ గడ్డని కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. అందరికీ ఆ మందు పనికిరాదు, నిజమే. పనికొస్తుందో లేదో తేల్చే స్కానింగ్‌కి కూడా ఆవిడ వేళకి చేరలేదు. ఆ ఉదయం పోయిన గంటల్ని కోడలు ఇప్పుడు ఏళ్ళ లెక్కన కడుతోంది.

2020 డిసెంబర్‌లో ఏలూరులో 500 మందికి పైగా ఫిట్స్‌తో, కళ్ళు తిరిగి పడిపోయారు. అప్పుడు నీళ్ళు పరీక్షించారు, రక్తం తీసి ఢిల్లీ ఎయిమ్స్‌కి పంపారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నట్టు తేలింది. ఊరు పడిపోతే కారణం వెతుకుతాం. ఇంట్లో ఒకరు పడిపోతే మాత్రం ఖర్మ వెతుకుతాం. ఇదెక్కడి లెక్క?

కోడలి నడుంనొప్పికీ మందు చెప్పేశారు: గాడిద మాంసం. మన జిల్లాల్లో దొంగచాటుగా అమ్ముతున్నారని పేపర్లలో ఎన్నిసార్లు రాలేదు! నడుంనొప్పి, ఉబ్బసం పోతాయని జనం నమ్మకం. గాడిద బరువు మోస్తుంది కాబట్టి దాని మాంసం తిన్నవాళ్ళూ మోస్తారనుకున్నారేమో. ఆ పిల్లకి కావలసింది బరువు మోసే ఇంకో మనిషి. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేస్తే వంగడం తగ్గుతుంది. రోగి కింద పాత దుప్పటి నాలుగు మడతలేసి అడ్డంగా పరిచి, చెరోవైపు ఇద్దరు పట్టుకుంటే తిప్పడం తేలిక. మొదటిదానికి ఇటుకలు చాలు. రెండోదానికి ఆ ఇంటి మగాడు లేవాలి.

"మా కోడలు దేవత" అంటారు, ప్రేమగానే. దేవతలకి నిద్ర ఉండదు, ఒళ్ళు నొప్పులుండవు, కోపం రాదు. అదే చిక్కు. రోగిని చూసుకునేవాళ్ళ భారాన్ని కొలవడానికి వైద్యులు వాడే జారిట్ ప్రశ్నావళి 1980లో అమెరికాలో మొదలైంది. నీకంటూ సమయం మిగులుతోందా అని అడుగుతుంది. ఆ మనిషి దగ్గరుంటే కోపం వస్తోందా అని కూడా అడుగుతుంది. మన ఇళ్ళలో ఈ రెండో ప్రశ్నకి ఔనంటే పాపం. చెప్పుకోలేని కోపం నిద్రని తినేస్తుంది. దానికి దిష్టి తీసి, మిరపకాయలు నిప్పుల్లో వేస్తారు. 14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ వాళ్ళు ఉచితంగా మాట్లాడతారని ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు.

2019 జాతీయ సర్వేలో ఇంట్లోవాళ్ళ ఆలనాపాలనా చూసే ఆడవాళ్ళు రోజుకి సగటున 134 నిమిషాలు, మగవాళ్ళు 76 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. పూర్వజన్మ ఖాతా ఎవరూ చూడలేదు, ఇది మాత్రం ఈ జన్మ లెక్కే. మంచానికే పరిమితమైన పక్షవాత రోగులకి రాష్ట్రం 2024 నుంచి నెలకి 15,000 పింఛను ఇస్తోంది. అందులో కొంత పెట్టి రోజుకి రెండు గంటలు సాయానికి మనిషిని పెట్టుకోవచ్చు. పెడితే కోడలి పుణ్యం తగ్గిపోతుందని భయపడకండి.

ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థానికి ఆ ఇంటివాళ్ళంతా వెళ్తారు, కోడలు తప్ప. అమ్మవారి మహిమ మీద నాకు నమ్మకం లేదు. కానీ ఆ పిల్ల ఒక్కరోజు గడప దాటాలన్నది నా గట్టి నమ్మకం. అబ్బాయిలూ, ఈసారి ఆ పిల్లని తీర్థానికి పంపి మీరు ఇంట్లో ఉండండి. రెండు గంటలకోసారి తిప్పాలి, మరిచిపోకండి.