నీరటి నడచిన దారి

హైదరాబాదు నగరమున ఒకే రాకుమారుని పేరు రెండు చోట్ల నిలిచినది. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ జ్యేష్ఠపుత్రుడు హిమాయత్ అలీఖాన్. ఆయన పేర వెలసిన పేట హిమాయత్‌నగర్. ఆయన పేరనే ఈసీ నదిపై 1927లో పూర్తియైన జలాశయము హిమాయత్‌సాగర్. రెండింటికి నడుమ దూరము సుమారు ఇరువది కిలోమీటర్లు. తెల్లవారుజామున సైకిలుపై బయలుదేరినవాడు ఎండ ముదరకముందే చేరుకొనగల దూరమది. అయినను పేటవాసులలో పెక్కుమందికి ఆ జలాశయము గేట్లు ఎత్తిననాడు పత్రికలలో కనబడు పేరు మాత్రమే.

ఈ పరిస్థితి ఇటీవల కొంత మారుచున్నది. సెలవునాళ్లలో కాలినడకను, సైకిళ్లపైనను నగర పరిసరములలోని చెరువులను, వనములను చూడబోవుట ఒక అలవాటుగా పాదుకొనుచున్నది. పక్షులను పరిశీలించువారి సంఘము 1980 నుండియు, సైకిలు ప్రియుల సంఘము 2007 నుండియు ఇచట పనిచేయుచున్నవి. దీనిని కొందరు వ్యాయామమందురు, కొందరు వినోదమందురు. ఈ రెండు మాటలలో ఇమడని ప్రయోజనమొకటి దీనికి కలదు. చెరువులను గూర్చి న్యాయస్థానములలోను, శాసనసభలోను ఎడతెగక వాదములు నడచుచున్న ఈ కాలమున ఆ ప్రయోజనమును విచారించుట అవసరము.

హిమాయత్‌నగర్ వారు నీటి స్వభావమును తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలమున, 16వ శతాబ్దిలో నిర్మితమైన హుసేన్‌సాగరము ఆ పేటకు నడకదూరముననే ఉన్నది. ఆ సాగరపు మిగులునీటి కాలువ దోమల్‌గూడ, అశోక్‌నగర్, హిమాయత్‌నగర్‌ల ప్రక్కగా సాగి, నల్లకుంట, అంబర్‌పేటల మీదుగా పోయి మూసీలో కలియును. 2000వ సంవత్సరము ఆగస్టులో కుండపోతగా వాన కురిసినపుడు ఈ కాలువకు ఇరుప్రక్కల గల పేటలు నీట మునిగినవి. కాలువను మురుగునకు అప్పగించి, దానికి వెన్ను చూపి ఇండ్లు కట్టుకొన్నవారికి, దానికి సాగరముతో చుట్టరికము కలదన్న సంగతి ఆనాడు గుర్తునకు వచ్చినది.

తెలంగాణమున చెరువు ఏకాకి కాదు. ఎగువ చెరువు మత్తడి దూకిన నీరు దిగువ చెరువునకు చేరును. అది నిండి పొరలిన నీరు మరియొకదానికి పోవును. దీనినే పెద్దలు గొలుసుకట్టు అన్నారు. కారులో పోవువానికి ఈ గొలుసు కనబడదు. అతనికి చెరువనగా రోడ్డు ప్రక్కన ఒక దృశ్యము. రెండు నిముషములలో అది వెనుకబడిపోవును. నడచిపోవువాడు మత్తడి దిగి, కాలువ వెంట సాగి, నీరు ఏ మలుపున ఆగినదో, ఏ గోడ క్రింద అదృశ్యమైనదో చూడగలడు. గొలుసులో తెగిన కడియ అతని కాలికి తగులును.

ఇది క్రొత్త సంగతియేమి కాదు. పూర్వము చెరువున్న ప్రతి ఊర నీరటి యుండెడివాడు. తూము తెరచుట, మూయుట, ఏ మడికి ఎంత నీరు పారవలెనో చూచుట అతని విధి. వానకాలమున కట్టపై తిరుగుచు, ఎండ్రకాయ బొరియ ఎక్కడ పడినదో, కట్ట ఎక్కడ చెమ్మగిల్లినదో కనిపెట్టి ఊరివారిని లేపువాడు అతడే. పంట నూర్చినపుడు కళ్లములో అతని పాలు అతనికి ముట్టెడిది. అతని విద్యయంతయు నడకలోనిదే. నగరము విస్తరించి సేద్యము పోయినచోట తూములతో పాటు నీరటియు పోయెను. చెరువు మాత్రము, అతడు లేకయే, రికార్డులలోని ఒక సర్వే నంబరుగా మిగిలెను.

అతని స్థానమున నేడు ఉన్నది చట్టము. 2012 నాటి భవన నిర్మాణ నియమముల ప్రకారము పది హెక్టార్లు, అంతకు మించిన చెరువునకు పూర్తి నీటిమట్టపు రేఖనుండి 30 మీటర్లు, అంతకు చిన్నదానికి 9 మీటర్లు విడువవలెను. నడచువాని లెక్కలో 30 మీటర్లనగా సుమారు నలువది అడుగులు. 9 మీటర్లనగా పండ్రెండు అడుగులు. చెరువునకు నగరము మిగిల్చిన గౌరవమింతే. ఈ పండ్రెండు అడుగుల లెక్కయైనను ఎచ్చటనుండి మొదలగునో తెలియవలెనన్న, నిండు వానకాలమున నీరు ఎంతవరకు వచ్చినదో చూచియుండవలెను. వేసవిలో శికము భూమి ఎండి ఖాళీస్థలమువలె కనబడును. మట్టి తోలి, హద్దురాళ్లు పాతి, అమ్ముటకు అనువైన ఋతువదియే. కొనువాడు వేసవిలో వచ్చి చూచును. నీరు వానకాలమున వచ్చి అడుగును. రెండు ఋతువులలోను అదే గట్టుపై నడచినవాడొక్కడే ఈ రెంటిని కలిపి చెప్పగల సాక్షి.

హిమాయత్‌సాగర్ కథయే ఇందులకు పెద్ద నిదర్శనము. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలాదిమందిని బలిగొన్న పిదప, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలపై ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నిర్మితమైనవి. అవి వరదకు అడ్డుకట్టలు, నగరమునకు మంచినీటి కుండలు. వాని పరిరక్షణకై 1996 మార్చిలో ప్రభుత్వము 111వ ఉత్తర్వును వెలువరించి, జలాశయములనుండి పది కిలోమీటర్లవరకు కాలుష్యకారక పరిశ్రమలను, పెద్ద కట్టడములను నిషేధించినది. 84 గ్రామములు దాని పరిధిలోనికి వచ్చినవి. 2000లో సర్వోన్నత న్యాయస్థానము ఆ నిషేధమును బలపరచినది. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వము 69వ ఉత్తర్వు ద్వారా, నీటి నాణ్యత చెడరాదను షరతుతో ఆ ఆంక్షలను సడలించినది. ఆ గ్రామముల రైతులు తమ భూమికి ప్రక్క ఊరి ధర లేదని దీర్ఘకాలము వాపోయిన మాట నిజము. వారి గోడు త్రోసిపుచ్చరానిది. అయినను 2025 సెప్టెంబరు చివర ఈ జంట జలాశయముల నీటిని విడువగా మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోనికి ప్రవేశించినది. ఎగువ భూమి వాన నీటిని ఇంకించుకొనుట మానినచో దిగువ నగరము ఏమగునో ఊహింపవచ్చును.

నడచువారి సాక్ష్యమునకు విలువ కలదా యని సందేహించువారికి మూడు సంఘటనలు చాలును. 2016లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ వనము చుట్టును పైవంతెనల కొరకు చెట్లు కొట్టు ప్రతిపాదన రాగా, దినదినము అచట నడచు పౌరులు అడ్డుపడినవారిలో నుండిరి. 2025 ఏప్రిల్ 3న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములలో చెట్ల నరికివేతను సర్వోన్నత న్యాయస్థానము నిలిపివేసినది. అచట నెమళ్లు, జింకలు కలవని లోకమునకు చాటినవారిలో ఆ నేలపై తిరిగిన విద్యార్థులు కలరు. మూడవది అంబర్‌పేటలోని బతుకమ్మకుంట. అది పూడిపోయి, పేరు మాత్రము మిగిలిన చోటు. 2025లో త్రవ్వగా అడుగున నీరు ఉబికినది. ఆ సంవత్సరమే కుంట తిరిగి ప్రజలకు దక్కినది. ఇచట ఒకప్పుడు నీరుండెనని ఇరుగుపొరుగు మరువకుండుటయే దానికి ఆయువు పోసినది. మాసబ్‌ట్యాంకునకు అట్టి అదృష్టము లేదు. ఆ తటాకము పేరు పేటకు మిగిలినది, నీరు పోయినది.

చెరువులను కాపాడుట ప్రభుత్వపు పని గాని సైకిలు తొక్కువారి పని కాదని కొందరనవచ్చును. 2024 జూలైలో హైడ్రా యను సంస్థ ఈ పనికే ఏర్పడినది. కొన్ని ఆక్రమణలను కూల్చినది కూడ. కాని కూల్చుట జరిగిన తప్పునకు విరుగుడు. తప్పు జరుగుచుండగా చూచుట వేరు. కూలిన యింటిలో తెలియక కొన్న పేదవాడు ఉన్నపుడు ఆ విరుగుడు సైతము గాయమగును. తొలి లారీ మట్టి పడిననాడే చూచి చెప్పువాడు ఉన్నచో, ఆ పేదవాని సొమ్ము పోదు, చెరువును పోదు.

మరియొక ఆక్షేపణ బలమైనది. నడకకై వచ్చువారి పేరిటనే చెరువులు చిక్కిపోవుచున్నవి. నీటి అంచున సిమెంటు బాట, దాని ప్రక్క రెయిలింగు, రంగుల దీపములు, ప్రవేశ రుసుము వచ్చి, చేపలు పట్టువానికిని, బట్టలుతుకువానికిని అడ్డుగోడ లేచును. అచ్చటి పక్షులు అర్ధరాత్రి వెలుతురున నిలువలేవు. 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి ప్రక్కన సౌరఫలకముల నీడలో 23 కిలోమీటర్ల సైకిలు బాట ఆరంభమైనది. అది మెచ్చదగిన ఏర్పాటే. కాని చెరువు గట్టునకు చేర్చుట దాని ఉద్దేశము కాదు. చెరువును చూడబోవువానికి కావలసినది అలంకారము కాదు. మట్టికట్టపై నడచు హక్కు, పూర్తి నీటిమట్టమును చూపు రాయి, ఆ రాయిపై చెరువు పేరు, దాని విస్తీర్ణము ఉన్నచో చాలును. జీవజాతులు గ్రుడ్లు పెట్టు ఋతువున దూరముగ నిలుచు మర్యాద అతడు నేర్వవలసినది. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగ ప్రకటింపబడిన అమీన్‌పూర్ చెరువు వంటి చోట్ల ఈ మర్యాద మరింత అవసరము.

విద్యాసంస్థలు ఈ పనిలో ముందడుగు వేయవచ్చును. హిమాయత్‌నగర్, నారాయణగూడలలో కళాశాలలకు కొదువలేదు. ఒక్కొక్క కళాశాల ఒక్కొక్క చెరువును ఎన్నుకొని, వేసవిలో ఒకమారు, వానలు వెలసిన పిదప ఒకమారు దాని చుట్టు నడచి, నీటి అంచును గుర్తించి వ్రాసియుంచినచో, పది సంవత్సరములలో ఏ కార్యాలయమునను లేని దస్తరము తయారగును. దానికి పెట్టుబడి రెండు కాళ్లు, ఒక పుస్తకము. నీరటికి కళ్లములో పాలిచ్చిన సమాజము నేడు ఆ పనిని జీతము లేకయే చేయువారిని కనుగొన్నది. వారి మాట వినుట, వ్రాసిన లెక్కను రికార్డునకు ఎక్కించుట ఇక అధికారుల వంతు.