కొలమానం తెలియని కుటుంబానికి దళారే దిక్కు

ఉద్యోగ విరమణ తరువాత ప్రతి శుక్రవారం జుమా నమాజు ముగిశాక మా మస్జిదు పక్కగదిలో ఒక బల్ల వేసుకుని కూర్చోవడం నాకు అలవాటైంది. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసినవాణ్ణి కనుక కుల ధ్రువీకరణ పత్రమనీ, ఆదాయ పత్రమనీ, స్కాలర్‌షిప్ దరఖాస్తు అనీ జనం వస్తుంటారు. అలా ఒకనాడు ఒక టైలరు వచ్చాడు. ఆయన కుమార్తె జనరల్ మెడిసిన్‌లో ఎండీ పూర్తిచేసి, సూపర్ స్పెషాలిటీ ప్రవేశాలకు జరిగే నీట్-ఎస్‌ఎస్ రాసింది.

"సాబ్, మా అమ్మాయి ర్యాంకు వెయ్యి దాటిపోయింది. మా గల్లీలోనే ఇంకో డాక్టరు అబ్బాయికి డెబ్బై వచ్చింది. ఇక మాకు సీటు రాదట. ఒకాయన పది లక్షలు ముందుగా ఇస్తే ఖాయం చేయిస్తానంటున్నాడు. ఇల్లు తాకట్టు పెట్టమంటారా?" అని అడిగాడు. చేతిలో ఒక సంచి ఉంది. అందులో భద్రంగా మడిచిపెట్టిన బీసీ-ఇ పత్రం ఉంది.

ఆ రెండు మాటల్లోనూ, ఆ సంచిలోనూ మన సమాజపు అజ్ఞానమంతా నాకు కనిపించింది. ఆ తండ్రిని నిందించడానికి ఈ మాట అనడం లేదు. సూది దారంతో బిడ్డను ఎండీ చదివించినవాడు నిందకు పాత్రుడు కాడు. ఆయనకు ఈ విషయాలు చెప్పవలసిన ప్రభుత్వమూ, చెప్పగలిగిన చదువరులూ మౌనంగా ఉన్నారు. ఆ మౌనం మీదనే దళారుల వ్యాపారం నడుస్తోంది. నా ఫిర్యాదు వారి మీద.

మొదట ర్యాంకు సంగతి. నీట్-ఎస్‌ఎస్ దేశమంతటికీ ఒకే ప్రశ్నపత్రంతో జరిగే పరీక్ష కాదు. అభ్యర్థి ఏ శాఖలో పీజీ చేశాడన్న దాన్నిబట్టి మెడికల్, సర్జికల్, పీడియాట్రిక్ వంటి గ్రూపులు ఉంటాయి. ఏ గ్రూపు ర్యాంకు ఆ గ్రూపుదే. మెడికల్ గ్రూపులో వేలాదిమంది పోటీపడతారు. సీట్లూ ఆ మేరకే ఎక్కువ. చిన్న గ్రూపులో రాసేవారూ తక్కువ, సీట్లూ తక్కువ. ఒక గ్రూపులోని వెయ్యిని మరొక గ్రూపులోని డెబ్బైతో పోల్చడం గజంతో కొలిచిన గుడ్డను శేరుతో తూచిన బియ్యంతో పోల్చడమే. ఆ టైలరుకు ఈ పోలిక వెంటనే అర్థమైంది.

పర్సెంటైల్ అన్నది మరో చిక్కుముడి. యాభై పర్సెంటైల్ అంటే నూటికి యాభై మార్కులు కావు. పరీక్ష రాసినవారిలో సగంమంది మన కంటె వెనుక ఉన్నారని మాత్రమే దాని అర్థం. అది వరుసలో నిలబడడానికి అర్హత. సీటు వచ్చేదీ రానిదీ మన ముందున్నవారు ఏయే సీట్లు కోరుకుంటారన్న దానిమీద ఆధారపడుతుంది. అందరూ గుండె వైద్యం, జీర్ణకోశ వైద్యం వైపు పరుగెడితే మూత్రపిండాల వైద్యంలోనో, క్రిటికల్ కేర్‌లోనో సీట్లు తరువాతి ర్యాంకుల వరకూ మిగులుతాయి.

ఇక 'ఖాయం చేయించే' పెద్దమనిషి సంగతి. ఈ సీట్ల భర్తీ కేంద్ర ఆరోగ్యశాఖ కింది మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ ఆన్‌లైన్‌లో జరుపుతుంది. ఎయిమ్స్, జిప్‌మర్ వంటి జాతీయ సంస్థలకు ఐఎన్ఐ-ఎస్ఎస్ అనే వేరే పరీక్ష ఉంది. ప్రైవేటు కళాశాల డీఎం సీటైనా, కార్పొరేట్ ఆసుపత్రిలోని డీఆర్ఎన్‌బీ సీటైనా ర్యాంకు ప్రకారమే ఇవ్వాలి. డీఆర్ఎన్‌బీ రుసుమును ఆసుపత్రి కాక జాతీయ పరీక్షల బోర్డే నిర్ణయిస్తుంది. పైగా శిక్షణ కాలమంతా స్టైపెండు ఇవ్వాలి. ఇందులో పది లక్షలకు దళారి చేయగలిగినది ఏమీ లేదు. అతడు చేసేది ఒక్కటే. అమ్మాయి ర్యాంకుకు సహజంగా వచ్చే సీటు వస్తే డబ్బు తన జేబులో వేసుకుంటాడు. రాకపోతే ఫోను ఎత్తడు.

రెండవది సంచిలోని పత్రం. నా చేతులతో వందలకొద్దీ రాసిన పత్రమే అది. దాని విలువ నాకు తెలుసు, దాని పరిమితీ తెలుసు. ప్రీతి శ్రీవాస్తవ కేసులో 1999లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సూపర్ స్పెషాలిటీ స్థాయిలో రిజర్వేషన్లు ఉండరాదని తేల్చింది. డీఎం, ఎంసీహెచ్ ద్వారం దగ్గర బీసీ-ఇ పత్రం ఒట్టి కాగితం.

కాబట్టి మన వాటా పనిచేసే చివరి ద్వారం పీజీ. రాష్ట్ర కోటాలో నాలుగు శాతం అక్కడే ఉపయోగపడుతుంది. పీజీలో ఎంచుకున్న శాఖను బట్టే తరువాతి దారి నిర్ణయమవుతుంది. మెదడు శస్త్రచికిత్స నిపుణుడు కాదలచినవాడు జనరల్ సర్జరీ వైపు వెళ్లాలి. అనాటమీలో చేరి ఆ తలుపు తట్టలేడు. అంటే సూపర్ స్పెషాలిటీకి అడుగు పీజీ కౌన్సెలింగ్‌లోనే పడుతుంది. ఆ సంగతి ఎంబీబీఎస్ మూడో ఏటనే పిల్లలకు తెలియాలి.

అక్కడా మనవాళ్లు పోగొట్టుకుంటున్నది తక్కువ కాదు. పీజీ ప్రభుత్వ సీట్లలో సగం అఖిల భారత కోటాకు పోతాయి. 2021-22 నుంచి అందులో ఓబీసీలకు 27 శాతం, ఈడబ్ల్యూఎస్‌కు 10 శాతం కేటాయించారు. ఈ కోటాలో చెల్లేది కేంద్ర జాబితా. దూదేకులవారు ఆ జాబితాలో ఉన్నారు. కాని రాష్ట్రంలో బీసీ-ఇ కింద ఉన్న వర్గాలన్నీ అందులో లేవు. లేనివారు, ఏ జాబితాలోనూ చేరని సయ్యదులూ పఠాన్లూ, కుటుంబ వార్షికాదాయం ఎనిమిది లక్షల లోపు ఉండి ఆస్తి నిబంధనలకు లోబడితే ఈడబ్ల్యూఎస్ పత్రానికి అర్హులు. ఆ పత్రం ఆ సంవత్సరానిదే అయి ఉండాలి. నిరుటి పత్రం పట్టుకుని వెళ్లి, అర్హత ఉండీ జనరల్‌లో మిగిలిపోయిన పిల్లలను నేను చూశాను. ప్రతిభ లోపించి కాదు, తేదీ తప్పి!

ఇప్పుడు ప్రతిభ గురించి మనకు పాఠాలు చెప్పేవారితో ఒక మాట. రిజర్వేషన్ వస్తే వైద్యం నాసిరకమవుతుందని ఏళ్ల తరబడి వాదించారు. 2023 సెప్టెంబరులో నీట్-పీజీ అర్హతను అన్ని వర్గాలకూ సున్నా పర్సెంటైల్‌కు దించారు. మైనస్ మార్కులు వచ్చినవారికీ వరుసలో చోటు దొరికింది. సూపర్ స్పెషాలిటీలోనూ సీట్లు మిగిలిపోయినప్పుడల్లా కటాఫ్ దించుతూనే ఉన్నారు. దీనికి వారిచ్చే సమాధానం ఇది: "వీరంతా ఇప్పటికే పట్టా పొందిన వైద్యులు, సీటు వృథా కావడం కంటె నిండడం మేలు." నిజమే. నేను ఒప్పుకుంటాను. అయితే అదే న్యాయం మైనస్ మార్కులకు అవసరం లేని మా పిల్లల విషయంలో ఎందుకు గుర్తురాదు? యాజమాన్య, ఎన్నారై కోటాల్లో ఏడాదికి పదుల లక్షలు కట్టగలవాడి కోసం కటాఫ్ దిగితే అది జాతీయావసరం. పేద ముస్లిం బిడ్డకు నాలుగు శాతం ఇస్తే అది ప్రతిభకు ద్రోహం. ఈ తక్కెడ ఎవరు పట్టుకున్నారో చూడండి.

ఆ నాలుగు శాతమైనా స్థిరమా? 2007 చట్టాన్ని 2010లో హైకోర్టు కొట్టివేసింది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది బతికి బట్టకట్టింది. ఒక తరం పిల్లలు మధ్యంతర ఉత్తర్వు నీడలోనే డాక్టర్లయ్యారు.

మనవైపు తప్పును కూడా దాచకూడదు. ఎంబీబీఎస్ సీటు వచ్చిన పిల్లలకు శాలువాలు కప్పుతాం, షాదీఖానాలో సభ పెడతాం, ఫొటోలు దిగుతాం. ఆ పిల్లలు ఐదున్నరేళ్ల తరువాత ఏమయ్యారో అడిగే నాథుడు ఉండడు. పేరున్న కళాశాలల్లో డిగ్రీ విద్యార్థుల్లో 25 మందికి ఒక్కరు, పీజీ విద్యార్థుల్లో 50 మందికి ఒక్కరు మాత్రమే ముస్లింలని 2006లో సచార్ కమిటీ చెప్పింది. మెట్టు ఎక్కేకొద్దీ మనం సగమవుతున్నామని దాని తాత్పర్యం. మరి అంతకు పైమెట్టు మీద ఎంతమంది ఉన్నారు? మన నాయకులు ఎప్పుడైనా ఆ లెక్క అడిగారా?

కనుక అడగవలసినవి సూటిగా అడుగుదాం. సూపర్ స్పెషాలిటీలో చేరినవారి సామాజిక వర్గాల వివరాలను కౌన్సెలింగ్ కమిటీ ఏటా ప్రకటించాలి. రిజర్వేషన్ లేనిచోట కనీసం లెక్కయినా ఉండాలి. బీసీ-ఇ వర్గాలను కేంద్ర జాబితాలో చేర్చమని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ కేంద్రంతో గట్టిగా పోరాడాలి. పీజీ, సూపర్ స్పెషాలిటీ కౌన్సెలింగ్ రోజుల్లో మైనారిటీ సంక్షేమ శాఖ ప్రతి జిల్లాలో సహాయ కేంద్రం నడపాలి. సూపర్ స్పెషాలిటీ కౌన్సెలింగ్‌లో నమోదుకే రెండు లక్షల రూపాయల ధరావతు కట్టాలి. అది తిరిగివచ్చే సొమ్మే అయినా నిబంధన తప్పితే జప్తవుతుంది. ఆ మొత్తాన్ని పేద వైద్యులకు వడ్డీలేని అప్పుగా ఇవ్వడం ప్రభుత్వానికి భారం కాదు. మన జకాత్ నిధులకూ, బైతుల్‌మాల్‌లకూ మించిన పని కాదు.

చివరగా తల్లిదండ్రులకు విన్నపం. చేరడం ఇష్టంలేని సీటును ఎంపికల జాబితాలో రాయనీయకండి. ఏ విడతలో చేరితే మానుకునే వీలుంటుందో, ఏ విడత తరువాత ధరావతు పోతుందో ముందే చదివించుకోండి. చదువు ముగిశాక ప్రభుత్వ సేవ చేయాలన్న బాండు ఏ రాష్ట్రంలో ఎన్నేళ్లో చూసుకోండి. అటువంటి బాండ్లను 2019లో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి సంతకం పెట్టాక వాదించి లాభం లేదు.

ఆ టైలరు ఇల్లు తాకట్టు పడలేదు. అమ్మాయి తన ర్యాంకుతోనే రెండో విడతలో మూత్రపిండాల వైద్యంలో డీఆర్ఎన్‌బీ సీటు తెచ్చుకుంది. సెలవుకు వచ్చినప్పుడు శుక్రవారం నా బల్ల దగ్గర మరో కుర్చీ వేసుకుని ఎంబీబీఎస్ పిల్లలకు ఆమే ఇవన్నీ చెబుతోంది. మీ ఊరి మస్జిదులోనూ ఒక గది ఉండే ఉంటుంది. మీ ఊళ్లోనూ ఒక డాక్టరు, ఒక విశ్రాంత గుమాస్తా ఉండే ఉంటారు. వచ్చే శుక్రవారం వారిని పిలిచి కూర్చోబెట్టండి.