సిస్టర్ల కాలేజీ కదా అని ఊరుకోకండి

కన్యాస్త్రీలు నడిపే మహిళా కళాశాలలో మీ అమ్మాయి చదువుతున్నా, మీరే అక్కడ పాఠం చెబుతున్నా ఈ నెల దాటకుండా ఒక పని చేయండి. కాలేజీ పాలకమండలిలో ఎవరెవరున్నారో, ఏటా ఆడిట్ నివేదికను ఎవరు చదువుతున్నారో అడిగి తెలుసుకోండి. ‘సిస్టర్లు చూసుకుంటారులే’ అనుకుంటూ తరాలు గడిపేశాం. ఇక ఆ ధీమా ఒక్కటే చాలదు.

అమెరికాలో న్యూ రోషెల్ కాలేజీ సంగతి చూడండి. 1904లో ఉర్సులైన్ సిస్టర్లు పెట్టిన ఆ సంస్థ న్యూయార్క్ రాష్ట్రంలో తొలి కేథలిక్ మహిళా కళాశాల. రెండు ప్రపంచ యుద్ధాలనూ, 1930ల నాటి మాంద్యాన్నీ తట్టుకుంది. చివరికి జీతాల పద్దు దగ్గర కూలింది. సిబ్బంది జీతాల్లోంచి పన్ను కోశారు, కోసిన సొమ్ము ప్రభుత్వానికి కట్టలేదు. లెక్కలు చూసే అధికారి ఆ బకాయిని బయటికి కనబడనీయలేదు. 2016లో గుట్టు రట్టయ్యేసరికి పన్ను బకాయే 2 కోట్ల డాలర్లు దాటింది, మొత్తం అప్పులు 3 కోట్ల పైమాట. ఆ అధికారికి జైలుశిక్ష పడింది. 2019లో కాలేజీ మూతపడింది. అక్కడి విద్యార్థుల్లో చాలామంది పెట్టేబేడా సర్దుకుని మెర్సీ కాలేజీలో చేరారు.

బోర్డు కళ్లెదుటే అంత బకాయి ఎలా పేరుకుపోయింది? నమ్మకం మీద నడిచే ఏ సంస్థకైనా ఉండే జబ్బే ఇది. లెక్క అడిగితే మనిషిని అనుమానించినట్టని అక్కడ అందరూ అనుకుంటారు. పాతికేళ్లుగా తెలిసిన మదర్‌ని ‘చలానా చూపించండి’ అనడానికి ఎవరికి నోరొస్తుంది? రావాలి. వినయంగానే అడగవచ్చు.

మన కాలేజీల్లో ఇలాంటిది జరిగిందని ఈ మాటలకు అర్థం కాదు. పోగొట్టుకుంటే మళ్లీ కట్టుకోలేనివి కాబట్టే ముందుగా చెప్పడం. ఏలూరులో సెయింట్ థెరిసా 1953లో, విశాఖలో సెయింట్ జోసఫ్ 1958లో, బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్ 1959లో, విజయవాడలో మారిస్ స్టెల్లా 1962లో వెలిశాయి. ‘పదో తరగతి చాలు’ అన్న ఇళ్ల నుంచి కూడా ఆడపిల్లలు డిగ్రీకి వచ్చారంటే గేటు దగ్గర సిస్టర్ ఉంటుందన్న భరోసాతోనే. చదివేవారిలో క్రైస్తవేతరులే ఎక్కువ. కేథలిక్ పిల్లలకు కేటకిజం అనే మతబోధ, మిగతావారికి నీతి పాఠం. పరీక్షల రోజుల్లో చాపెల్ మోకాళ్ల బల్లల దగ్గర బొట్టు పెట్టుకున్న పిల్లలూ కనిపిస్తారు. వాళ్లు మతం మార్చుకోలేదు, భయం తీర్చుకున్నారంతే.

ఇక ఈ కాలేజీలు నేర్పే నాయకత్వం. ఒకప్పటి కో-ఎడ్ కాలేజీ ఎన్నికలు చూసినవారికి ‘ఎల్.ఆర్.’ పోస్టు గుర్తుండే ఉంటుంది. ప్రెసిడెంటు, సెక్రటరీ పదవులు అబ్బాయిలవి. అమ్మాయికి మిగిలేది లేడీస్ రిప్రజెంటేటివ్. మహిళా కళాశాలలో ఆ పోస్టుతో పనే లేదు. ప్రెసిడెంటూ అమ్మాయే. కాలేజీ డే ముందు టెంట్‌హౌస్ యజమానితో కుర్చీల అద్దె బేరమాడేదీ, కరెంటు పోతే జనరేటరు కోసం పరుగెత్తేదీ, చీఫ్ గెస్ట్ ఆలస్యమైతే మైకు పట్టుకుని సభను నిలబెట్టేదీ అమ్మాయిలే. నాయకత్వం మీద పెట్టే సెమినార్ల కన్నా ఆ కుర్చీల బేరం ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం. (అవుట్‌పాస్ కోసం హాస్టల్ వార్డెన్‌తో పెట్టుకునే వాదనా తక్కువదేం కాదు, ఎప్పుడూ ఓడిపోయేదే అయినా.)

ఈ కాలేజీలకిప్పుడు రెండు వైపుల నుంచీ ఒత్తిడి. ప్రభుత్వం జీతమిచ్చే ఎయిడెడ్ లెక్చరర్లు రిటైరవుతున్నారు, ఖాళీలు నిండడం లేదు. వాళ్ల పని తక్కువ జీతానికి అన్‌ఎయిడెడ్ వాళ్లు చేస్తున్నారు, ఆ జీతమూ ఫీజుల్లోంచే రావాలి. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని, ఒప్పుకుంటే ఆస్తులతో సహా, అప్పగించమని యాజమాన్యాలను అడిగినప్పుడు విద్యార్థులూ తల్లిదండ్రులూ రోడ్డెక్కారు. ఆ నవంబరులో, ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకునే వీలు కల్పించారు. గొడవ సద్దుమణిగింది. ఖాళీ కుర్చీల సమస్య అక్కడే ఉంది.

రెండోది ఇంకా లోతైనది. మఠంలో చేరే అమ్మాయిలు తగ్గుతున్నారు. కేరళ ఇళ్ల నుంచి ఒకప్పుడు వచ్చినంతమంది ఇప్పుడు రావడం లేదు. ఇన్నాళ్లూ చాలాచోట్ల ప్రిన్సిపాల్ కుర్చీ సిస్టర్ల సంఘం పెద్ద అయిన ప్రావిన్షియల్ ఇచ్చే బదిలీ ఉత్తర్వుతో నిండేది. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన సంసారి అధ్యాపకురాలు వైస్ ప్రిన్సిపాల్ గది దగ్గరే ఆగిపోయేది. ఆడపిల్లలకు నాయకత్వం నేర్పే చోట ఇదేం పద్ధతి? మైనారిటీ సంస్థలు తమకు నచ్చిన అర్హులను ప్రిన్సిపాల్‌గా ఎంచుకోవచ్చని మలంకర సిరియన్ కేథలిక్ కాలేజీ కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ హక్కుతోనే ఒక హిందూ అధ్యాపకురాలినో, ఒక ముస్లిం అధ్యాపకురాలినో కుర్చీలో కూర్చోబెట్టవచ్చు. సిస్టర్లకు ఓపిక ఉండగానే, పక్కనుండి పని నేర్పగలిగే రోజుల్లోనే అది జరగాలి.

జరిగిన చోటు ఉంది. పక్కనే ఉన్న కేథలిక్ యూనివర్సిటీ ఆడవాళ్లను చేర్చుకోని రోజుల్లో, 1897లో వాషింగ్టన్‌లో సిస్టర్లు ట్రినిటీ కాలేజీ పెట్టారు. అమెరికా ప్రతినిధుల సభ మాజీ స్పీకర్ నాన్సీ పెలోసీ చదివింది అక్కడే. చేరికలు పడిపోయి కాలేజీ దిక్కుతోచక ఉన్నప్పుడు, 1989లో అక్కడే చదివిన లాయరు ప్యాట్రీషియా మెగ్వైర్‌కు పగ్గాలిచ్చారు. ఆమె సన్యాసిని కాదు. కలిగిన ఇళ్ల పిల్లలు రావడం మానేస్తే, ఆమె ఆ నగరంలోని నల్లజాతి, లాటినో అమ్మాయిల వైపు తిరిగారు. 2025 దాకా నడిపారు.

అబ్బాయిలను చేర్చుకుంటే గట్టెక్కుతామనే సలహా మన దగ్గరా వినిపిస్తుంది. న్యూ రోషెల్ 2016లో అదీ చేసింది, మూడేళ్లు తిరక్కుండా తాళం పడింది.

అన్‌ఎయిడెడ్ లెక్చరర్లూ, మీరు ఈ రాత్రే యూఏఎన్ నంబరుతో పీఎఫ్ పాస్‌బుక్ తెరవండి. జీతంలో కోసిన పీఎఫ్ మరుసటి నెల 15వ తేదీలోగా జమ కావాలి. కోసిన టీడీఎస్ ఆదాయపు పన్ను పోర్టల్‌లో మీ పేరున కనిపించాలి. వరసగా రెండు నెలలు తేడా వస్తే స్టాఫ్‌రూమ్‌లో గుసగుసలతో సరిపెట్టుకోకుండా కాగితం మీద రాసి అడగండి, నకలు దగ్గర ఉంచుకోండి. ఒక్కరికి జంకు అనిపిస్తే పదిమంది కలిసి సంతకాలు పెట్టండి.

పూర్వ విద్యార్థినులకూ ఒక మాట. మీలో చార్టర్డ్ అకౌంటెంట్లున్నారు, లాయర్లున్నారు, బ్యాంకు మేనేజర్లున్నారు. ఏటా కలుసుకుని పాటలూ ఫొటోలతో సరిపెట్టుకోకండి. పాలకమండలిలో మీలో ఇద్దరికి చోటు, ఆడిట్ నివేదిక ప్రతి: ఈ రెండూ అడగండి. కుదరదంటే ఎందుకో రాసిమ్మనండి. వచ్చే సమావేశం ఆహ్వానపత్రంలో విందు కన్నా ముందు ఆ అంశం అచ్చు వేయించండి.