పెద్ద చక్రముల వాదమునకు ప్రత్యుత్తరము



మీ పత్రిక గత సంచికయందొక వ్యాసకర్త భద్రాచల వన్యమార్గములకు బొలేరోలవంటి బండ్లకెంత పెద్ద చక్రము వేసిన నంత మేలని సెలవిచ్చిరి. దుమ్ముగూడెము, చర్ల మార్గములను, చింతూరు దాటిన పిమ్మట వచ్చు మారేడుమిల్లి ఘాటును నెరిగినవాడనగుటచే సమ్మతింపజాలకున్నాను.

బొలేరోకు వచ్చు 215/75 ఆర్ 15 టైరునే గ్రహింతము. వెడల్పు 215 మిల్లీమీటర్లు, అందు నూటికి 75 వంతులు పార్శ్వపుటెత్తు, రిమ్ము 15 అంగుళములు. వెరసి చక్రపు వ్యాసము 703.5 మిల్లీమీటర్లు. దీనికి మారుగా 235/75 తొడిగినచో వ్యాసము 733.5 అగును గాని, వ్యాసకర్త యంతగా వర్ణించిన నేలయెత్తు లాభము అందు సగమే, అనగా 15 మిల్లీమీటర్లు. ఆపాటిదానికై స్పీడోమీటరు 60 చూపుచుండగా బండి 62కు మించి పరుగిడుటయు, ఘాటులో నింజను డస్సిపోవుటయు, స్టీరింగు పూర్తిగా త్రిప్పినపుడు టైరు మడ్గార్డును రాచుటయు భరింపవలసి వచ్చును.

17 అంగుళముల అలాయి రిమ్ముల మోజు వేరొకటి. 215/60 వేసిన వ్యాసము దాదాపు సరిపోవును. కాని పార్శ్వము 161 నుండి 129కి తగ్గును గనుక, మణుగూరు బొగ్గు లారీల బాటలోని గోతులు నేరుగా రిమ్మునే తాకును.

రిమ్ము మార్చునపుడు బోల్టుల వృత్తము, నడిమి రంధ్రము, ఆఫ్‌సెట్టు (రిమ్ము నడిమి గీతనుండి బోల్టులు బిగించు తలమునకు గల దూరము) బండికి కుదురవలెనని వ్యాసకర్త ఒక్కమాటైన ననలేదు (అందముపై మాత్రము రెండు పేరాలు!). ఆఫ్‌సెట్టు తగ్గిన చక్రము వెలుపలికి జరిగి బేరింగులపై భారము హెచ్చును. ఇక టైరుపైనుండు 100 అను భారసూచిక ఒక్కొక్క టైరు మోయగల 800 కిలోలకు గుర్తు. తునికాకు మూటలు మోయు బండికి దానికి తగ్గినది కొనరాదు. చర్ల బురదకు ఆ 215/75 కొలతలోనే లోతైన గాడులు గల టైరు చాలును.

ఇట్లు,
ఒక పాఠకుడు, పాల్వంచ