రెండో పసితనమా?

ముసలితనం రెండో పసితనమంటారు. ఈ మాట వింటే మా మేనకోడలికి ఒళ్ళు మండుకొస్తుంది. మా అన్నయ్య కూతురు. మా ఇంట్లో ఉండి నర్సింగు చదువుతోంది. మూడేళ్ళ చదువులో ఇది రెండో ఏడు.

"పసివాడికి సిగ్గు తెలీదత్తయ్యా, 80 ఏళ్ళ మనిషికి తెలుసు. వాడికి నడక వస్తూ ఉంటుంది, ఈవిడకి పోతూ ఉంటుంది. రెండూ ఒకటెలా అవుతాయి?" అంటుంది. ఆలోచిస్తే నిజమే మరి!

పిల్లది తెల్లవారకముందే లేస్తుంది. పొద్దున ఆసుపత్రిలో డ్యూటీ, మధ్యాహ్నం పాఠాలు, రాత్రి రికార్డులు రాసుకోవడం. మంచం పట్టిన పెద్దవాళ్ళను రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టాలిట. లేకపోతే నడుము కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి. తిండి పెట్టేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, ఒక ముద్ద మింగాకే ఇంకో ముద్ద అందించాలి. పడుకోబెట్టి పోస్తే పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ప్రేమ ఒక్కటీ ఉంటే చాలదు, పని కూడా తెలియాలన్నమాట.

మా అత్తగారికి 83. సాయంత్రం అయిందంటే మంచినీళ్ళు ముట్టరు. రాత్రి బాత్‌రూముకి లేవాలి, తోడు కోసం ఎవర్నో లేపాలి. అదీ ఆవిడ మొహమాటం. పిల్లది ఈ సంగతి కనిపెట్టింది. పెద్దవయసులో దాహమే సరిగా తెలియదట. నీళ్ళు తగ్గితే మలబద్ధం, మూత్రంలో ఇన్‌ఫెక్షను. అది వచ్చినప్పుడు ముసలివాళ్ళకు ఒక్కోసారి జ్వరమైనా రాదు, ఉన్నట్టుండి మాట తడబడి, మతి తప్పినట్టు ఉంటారు. ఇంట్లోవాళ్ళు చాదస్తమని ఊరుకుంటే ముప్పే. అంచేత పగటిపూటే గంటకో గ్లాసెడు అలవాటు చేసింది. మంచం దగ్గర్నుంచి బాత్‌రూము దాకా సన్నని దీపం, గోడకి పట్టుకునే కమ్మీ పెట్టించింది. "లేవగానే నడవకు మామ్మా, కాసేపు మంచం అంచున కూర్చో. గబుక్కున లేస్తే రక్తపోటు పడిపోయి కళ్ళు తిరుగుతాయి" అని రోజూ పాఠం చెబుతుంది. ఇప్పుడావిడ ఎవర్నీ లేపకుండా వెళ్ళొస్తున్నారు. ఆ ముఖంలో కళ చూడాలి!

జాకెట్టు హుక్కులు పెట్టుకోవడానికి ఆవిడకి పది నిమిషాలు పడుతుంది. పిల్లది పక్కన నిలబడుతుందే గాని చెయ్యి వెయ్యదు. చేతనైన పని చెయ్యనిస్తేనే ఆ చేతనైనది మిగులుతుందిట.

అన్నీ ఇంత సుఖంగా ఉండవు. వార్డులో 20 రోజులు తను కనిపెట్టుకున్న ఒక అవ్వ మొన్న పోయింది. ఆ రాత్రి పిల్లది అన్నం ముట్టలేదు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ డ్యూటీకి వెళ్ళింది. పసిబిడ్డను సాకితే పెరగడం చూస్తాం. ఇక్కడ చివర ఏమిటో ముందే తెలుసు. "ఆ పూట నొప్పి లేకుండా, పరువుగా గడిస్తే గెలిచినట్టే" అంటుంది.

మా అన్నయ్యకి మాత్రం విదేశం పంపాలని ఉంది. "ముసలివాళ్ళ పక్కలెత్తడానికా చదివించింది?" అంటాడు. పిల్లది ఉన్న ఊళ్ళోనే రెండు గదులు తీసుకుంటానంటోంది. పగలంతా పెద్దవాళ్ళు అక్కడ గడపాలి. మందులు, తేలికపాటి వ్యాయామం, నాలుగు కబుర్లు. సాయంత్రం ఎవరింటికి వాళ్ళు.

2011 జనాభా లెక్కల్లోనే మన దేశంలో 60 దాటినవారు 10 కోట్లు మించారు. తల్లిదండ్రుల్ని చూడని పిల్లల చేత మనోవర్తి ఇప్పించడానికి 2007లో చట్టం వచ్చింది. చట్టం డబ్బు ఇప్పించగలదు. రాత్రి పూట పక్కకి తిప్పే చేతుల్ని ఇప్పించలేదు కదా! ఆ చేతులు ఎవరో నేర్చుకోవాలి. నేర్చుకుంటానని వచ్చిన పిల్లని "ఛీ, అదేం పని" అనకుండా ఉండటం మన వంతు.

మా అన్నయ్య ఈ పత్రిక ప్రతివారం చదువుతాడు. ఏమంటాడో చూద్దాం!