జిల్లా చిన్నదైంది, బిడ్డకు దగ్గరైందా?

2016 దసరా నాడు, అక్టోబర్ 11న, మన 10 జిల్లాలు 31 అయినప్పుడు గ్లాస్గోలో మిఠాయిలు పంచుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. 2019లో ములుగు, నారాయణపేట కూడా కలిసి 33 అయ్యాయి. మాది మంచిర్యాల వైపు. ఒకప్పుడు కలెక్టరాఫీసులో చిన్న పనికైనా ఆదిలాబాద్ పోయి రావడానికి రోజంతా పోయేది. అందుకే చిన్న జిల్లాలు తప్పని ఎవరన్నా అంటే నేనొప్పుకోను.

కానీ ఆ సంబరంలో ఒక ప్రశ్న మరిచిపోయినం. ఇల్లు వదిలి వచ్చిన బిడ్డ రైల్వే స్టేషన్‌లో దొరికితే ఎవరి బాధ్యత? 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందుకు తేవాలి. జిల్లాకు కనీసం ఒక కమిటీ, అందులో చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు. జిల్లాలు మూడింతలైతే ఈ పని తెలిసిన మనుషులూ మూడింతలు కావాలి. ఆఫీసు బోర్డు రాత్రికి రాత్రే మారుతుంది. అనుభవమున్న మనిషి అట్లా తయారుకాడు.

నేనుంటున్న స్కాట్లాండ్ ఈ దారిలో ముందే నడిచింది. 1996 ఏప్రిల్ 1న పాత ప్రాంతీయ, జిల్లా కౌన్సిళ్లు పోయి, దేశం మొత్తం 32 కౌన్సిళ్లయింది. జనాభాలో దాదాపు సగం ఉన్న స్ట్రాత్‌క్లైడ్ ప్రాంతం 12 కౌన్సిళ్లకు పంపకమైంది. దాంతోపాటే దాని సోషల్ వర్క్ శాఖ కూడా ముక్కలైంది. అయితే అన్నిటినీ విడగొట్టలేదు. ఏ బిడ్డ కేసు విచారణకు పోవాలో తేల్చే రిపోర్టర్లను అదే రోజు దేశమంతటికీ ఒకే సంస్థ కిందికి తెచ్చారు. ప్రతి కౌన్సిల్‌లో చీఫ్ సోషల్ వర్క్ ఆఫీసర్ ఉండాలని చట్టంలోనే రాశారు.

ఐటీలో డేటాబేస్‌ను విడగొట్టేటప్పుడు మేం మొదట చూసేది ఒక్కటే: ఏ రికార్డూ దిక్కులేకుండా మిగలొద్దు. తల్లి ఊరు ఒక జిల్లాలో, బిడ్డ హాస్టల్ ఇంకో జిల్లాలో పడ్డప్పుడు ఆ ఫైలు ఎవరి బల్ల మీద ఉండాలో ముందే రాసిపెట్టాలి.

ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు కొత్త కలెక్టరేట్ ముందు ఫొటో దిగండి, తప్పులేదు. లోపలికి పోయి ఒక్క మాట కూడా అడగండి: మన కమిటీలో ఐదుగురూ ఉన్నారా? రాష్ట్రం కొట్లాడి తెచ్చుకున్నది మన పిల్లల కోసమే కదా.

జై తెలంగాణ.